మొదటి ఆకు దగ్గర చెప్పే పేరు

పక్కవాటాలో ఎవరో పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెడుతున్నారు. రాయగడలో ఈ వాటాలోకి వచ్చి ఇన్నేళ్ళయినా, మాఘమాసం చలిలో ఆ వాసన గోడ దాటి వచ్చిందంటే నాకు నోరూరదు, చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడతాను. అది ఆకలి కాదని చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

గుణుపురం దగ్గర మా పల్లెలో కందికొత్తల పండగ చెయ్యకుండా కొత్త కంది ఎవరూ నోట్లో వేసుకునేవాళ్ళు కాదు. చేను గట్ల మీద కాయలు ముదిరి గలగలమంటున్నా, మంచులో తడిసిన ఆ కాయల్ని ఒలిచి చూసి మళ్ళీ పారేసేవాళ్ళమే తప్ప తినడానికి ధైర్యం చాలేది కాదు, ముందు పెద్దలు తినాలి. పండగ పొద్దున్న నానమ్మ ఇల్లంతా పేడతో అలికి, అడ్డాకుల విస్తళ్ళు వరసగా పరిచి, ఒక్కో ఆకులో కొత్త బియ్యపు అన్నం, కంది గుగ్గిళ్ళు, గుమ్మడికాయ కూర, బెల్లం ముక్క పెట్టేది. తాత ఒక్కో ఆకు ముందు కూర్చుని చనిపోయిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచేవాడు. వాళ్ళ పేర్లు మామూలు రోజుల్లో ఎత్తకూడదు, ఊరికే పిలిస్తే ఊరికే వస్తారని భయం.

అన్ని పేర్లూ వీధిలోకి వినపడేలా పిలిచే తాత, మొదటి ఆకు దగ్గర మాత్రం నేలకి వంగి, ఆకుకి నోరు ఆనించి చెప్పేవాడు. ఆ ఆకు మా తాతకి నానమ్మ అయినావిడది. శ్రీకాకుళం వైపు కరువొచ్చి మొగుడు పోతే, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని, విత్తనాలు కొంగున కట్టుకుని వంశధార దాటి ఇటొచ్చి, అడివంచున పొదలు కొట్టుకుని మడి చేసింది ఆవిడే. ముసలితనంలో చెవుడొచ్చిందట, అందుకని దగ్గరగా చెబితేగానీ వినపడదని తాత నమ్మకం. ఆ పేరు వినపడేంత దగ్గరగా, గుగ్గిళ్ళ కుండ పట్టుకుని నానమ్మ ఒక్కతే ఉండేది.

నేను బళ్ళో పెద్ద తరగతులకొచ్చిన ఏడు, వానలు వెనకపట్టాక తాతకి పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయి, మాట పూర్తిగా పోయింది. పండగనాడు నాన్నా చిన్నాన్నా ఎత్తి గోడకి ఆనించి కూర్చోబెట్టారు. మిగతా పేర్లన్నీ నాన్న ఎలాగో తడుముకుంటూ పిలిచాడు. మొదటి ఆకు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాడు. తెలిసిన పాతకాలపు ఆడపేర్లన్నీ తాత ముందు ఒక్కొక్కటే చెప్పసాగాడు. చిన్నాన్న అందించాడు, వీధిలోంచి వచ్చిన ముసలాళ్ళు అందించారు, నేనూ అందించాను. తాత ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు. అన్నం చల్లారిపోయింది. అప్పుడు తాత మెల్లగా నానమ్మ వైపు తల తిప్పి, ఎడంచెయ్యి చాపి చూపించాడు.

"నీకు తెలుసుగదే అమ్మా, సెప్పు" అన్నాడు నాన్న.

నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన పేరే ఎత్తనిదాన్ని. ఆయన నానమ్మ పేరు ఏ నోటితో సెప్పమంతావురా?"

నాన్న బతిమాలాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను. అత్తింటి పెద్దల పేర్లు ఎత్తిన కోడలు మా ఊళ్ళో లేదు, ఆవిడ ఎత్తలేదు. తాత కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. చివరికి నాన్న "ముసలమ్మా" అని పిలిచి ఆకుకి దండం పెట్టాడు. తాత నోటికి గుగ్గిళ్ళు పెడితే పళ్ళు బిగించేశాడు. ఆ ఏడు కొత్త కంది ఆయన తినలేదు, దుక్కులు మొదలుకాక ముందే పోయాడు.

మరుసటేడు పండగకి నానమ్మ తనంత తనే మొదటి ఆకు ముందు కూర్చుంది. "ఆయనే ఎలిపోయేక ఇంకేటి మర్యాద, నేను సెప్తాను" అంది. ఇంటిల్లిపాదీ చెవులొగ్గి నిలబడ్డాం. నేలకి వంగి నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. మళ్ళీ తెరిచింది. చాలాసేపటికి తలెత్తి నన్ను చూసిన ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

"ఏటేటా యినీదాన్నే గానీ ఎప్పుడూ అన్నేదు అమ్మి. సెవిలో ఉంది, నోటికి రాన్నేదు."

నేను చరిత్ర టీచర్ని ఎందుకయ్యానంటే ఇందుకే. ఎవరెవరో రాజుల పేర్లు వరసపెట్టి గడగడా అప్పజెప్పి బళ్ళో మెచ్చుకోళ్ళు తెచ్చుకున్న నేను, మాకు తినడానికింత మడి ఇచ్చినావిడ పేరు చెప్పలేకపోయాను. ఉద్యోగంలో చేరాక ఏటా మొదటిరోజు పుస్తకం తెరవనిచ్చేదాన్ని కాదు. "మీ నానమ్మ అత్తగారి పేరేంటో అడిగి రండి. రాసుకురావద్దు, నిలబడి నోటితో చెప్పాలి" అనేదాన్ని. ఇదేం చదువని తల్లులు సణిగేవాళ్ళు. ఆడపిల్లలు మర్నాడు లేచి, సిగ్గుపడుతూ, పాత పేర్లకి కిసుక్కున నవ్వుకుంటూ, తెలుగులో, ఒడియాలో, సవర మాటల్లో ఆ పేర్లు పైకి చెబుతుంటే, జీతం ఇవ్వకపోయినా ఆ గంట కోసం బడికి వెళ్ళేదాన్నే. ఏటా ఎవరో ఒక గడుసుపిల్ల, "మరి మీ ఇంట్లో మొదటావిడ పేరేటండీ?" అని అడిగేది. తెలీదనేదాన్ని.

గట్ల మీద కంది వేసేవాళ్ళు ఇప్పుడు మా పల్లెలో లేరు, అడ్డాకులు కుట్టే ఓపికా ఎవరికీ లేదు. కందికొత్తలు మాత్రం మా తమ్ముడి కొడుకులు ఇంకా చేస్తున్నారు, బజారు కందులు తెచ్చి, ఒకే కాగితం పళ్ళెంలో అన్నీ పెట్టి, "పెద్దలకి" అని ఒక్క దండం పెట్టేస్తారు. ఈ ఏడు పనిగట్టుకుని వెళ్ళాను. మిగిలిన పేర్లయినా నాకు వచ్చు, పిలుస్తాను, కూర్చోండి అన్నాను.

"ఆలీసం అయిపోద్ది అత్తా, పిల్లలు ఆకలి మీదున్నారు" అన్నాడు పెద్దవాడు, చెయ్యి కడుక్కుంటూ.