మా ఇంటిపేరు వాడుకలోకి వచ్చిన వైనం

ఆ రోజుల్లో ఇంటిపేరంటే దరఖాస్తులో నింపే గడి అనుకునేవాణ్ణి. జనం నోట్లో పడి మామూలు మాటైపోతుందని ఎరగను. లండన్ పక్కన స్లౌలో ఐదుగురం విద్యార్థులం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. చీరాలలో 'మాజేటి' బోర్డు కింద, మా బట్టల కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి కనుక నాకో విద్య వచ్చు: బేరం కుదరకపోతే "వద్దులెండి" అని మెట్లు దిగాలి, మూడో మెట్టు దిగేలోపు కొట్టువాడు పిలుస్తాడు. (మా నాన్న ఎంతమందిని అలా వెనక్కి పిలిచాడో!)

ఓ రోజు, తెల్లారితే వాట్‌ఫర్డ్‌లో నా మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ. కోటు లేదు. వరంగల్ నుంచి వచ్చిన రూమ్మేటుతో కలిసి, పాత బట్టలు అమ్మే చారిటీ షాపుకు వెళ్ళాను. నాకు సరిపడేది ఒక్కటే ఉంది, పన్నెండు పౌండ్లు. గుండీ వదులన్నాను, లోపలి గుడ్డ వెలిసిందన్నాను, ఆరుకిమ్మన్నాను. గల్లా దగ్గరి ముసలావిడ అన్నిటికీ నవ్వింది. "వద్దులెండి" అని (ఇంగ్లీషులోనే) కోటు అక్కడే పెట్టి, నిదానంగా తలుపు వైపు నడిచాను.

"బై, లవ్!" అంది ఆవిడ. (అక్కడి ముసలమ్మలకు ఎవరైనా 'లవ్'వే.)

బయట వాన. "ఏందిరా, పిలుస్తలేదు?" అన్నాడు రూమ్మేటు. "పిలుస్తుందిరా, ఆగు." పావుగంట తడిశాం. లోపల ఎవరో పెద్దాయన నా కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటుంటే నా విద్య నీరుగారింది. పరుగెత్తాను. అదృష్టం, ఆయన పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. పన్నెండూ ఇచ్చాను. కోటు మడుస్తూ, ఈ డబ్బు పిల్లల ఆసుపత్రికి వెళ్తుందని ఆవిడ మెల్లగా చెప్పింది. (ఆరుకిమ్మని అడిగింది ఎవర్నో అప్పుడు తెలిసింది.)

ఉద్యోగం వచ్చింది, ఇంటిపేరు పోయింది. వెనక్కి పిలుస్తారని ఆశపడి వెళ్ళిపోవడాన్ని మా ఇంట్లో 'మాజేటి కొట్టడం' అన్నారు. కూర బాలేదని అలిగి గదిలోకి పోతే మాజేటి. రాజీనామా చూపించి జీతం పెంచమంటే పెద్ద మాజేటి. యూరోపియన్ యూనియన్ నుంచి వెళ్ళిపోదామని రెఫరెండం ఫలితం వచ్చిన రోజు, "దేశమంత మాజేటి కొట్టిందిరా!" అని రూమ్మేటు ఫోన్ చేసి మరీ నవ్వాడు.

కొన్నేళ్ళకు కార్డిఫ్‌లో బంధువుల ఇంట్లో, కొత్తగా చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి కలిసింది. ఆమెకు నేను వట్టి అంకుల్‌ని, ఇంటిపేరు తెలీదు. "మా ఫ్లాట్‌మేట్ మాజేటి కొట్టింది అంకుల్, మేమెవ్వరం పిలవలేదు" అంది.

"ఆ మాట ఎక్కడిదమ్మా?"

"ఇటాలియన్ అంట అంకుల్. పాతకాలం పేకాటలోదంట."

అసలు సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. అడిగించుకుని చెబితే అందం కదా! "దాని వెనకాల పెద్ద కథే ఉందిలే, సరే, నాకు ట్రెయిన్ టైమైంది" అని లేచి, నిదానంగా తలుపు వైపు నడిచాను.

"బై, అంకుల్!"

బూట్ల తాళ్ళు మాత్రం రెండుసార్లు విప్పి కట్టుకున్నాను.