గుట్ట దిక్కని చెప్పాను

1949 ఎండాకాలం. సూర్యాపేటలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిజంటలను కుర్చీల్లో కూర్చోబెట్టి తీసే ఫోటోలు నాకు తిండి పెట్టేవి. అడవిలో పిట్టలనూ జంతువులనూ తీయడం మాత్రం నా పిచ్చి. మిర్యాలగూడలో ఉండే కాలువల ఇంజనీరు ఒకాయన నేను తీసిన కొంగల ఫోటో చూసి ముచ్చటపడి, తన బంగళా గోడకు నెమళ్ల ఫోటో కావాలన్నాడు. రోజులు బాగాలేవు. కెమెరా పెట్టె భుజాన వేసుకుని పొదల్లో తిరిగేవాణ్ని చూస్తే పోలీసులకూ అనుమానమే, ఊళ్లవాళ్లకూ అనుమానమే. అయినా సరేనన్నాను. పిచ్చివాడికి ఒకరు తోడైతే ఇంకేం కావాలి?

నాది రిఫ్లెక్స్ కెమెరా. దాని పైన జానెడు పొడవున తోలు గొట్టం ఉంటుంది. దాన్ని హుడ్ అంటారు. అందులో ముఖం పెట్టి చూస్తే, ఎదుట ఉన్నది లోపలి అద్దం మీదుగా కనిపిస్తుంది. అద్దం కాబట్టి కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. పిట్ట కుడికి ఎగిరితే హుడ్‌లో ఎడమకు ఎగిరినట్టుంటుంది. కొత్తలో నేను ప్రతి పిట్టనూ పోగొట్టుకున్నాను. తర్వాత చేతులు వాటంతటవే సర్దుకోవడం నేర్చుకున్నాయి. అది చూసుకుని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మునగాల దాటి కోదాడ వైపు వెళ్తుంటే, బాటకు దూరంగా ఒక కుంట ఉంది. నేనెక్కిన బండ మీద నిలబడితే ఎడమ పక్క గుట్ట, కుడి పక్క కుంట, నడుమ మనిషెత్తు తుమ్మపొదలు. ఆ పొదల్లోంచి నెమళ్లు నీళ్లకు దిగుతాయని చెప్పింది లచ్చమ్మ. అక్కడే మేకలు కాసుకునే మనిషి. మంద గుట్ట వాలున మేస్తుంటే ఆమె నా బండ కింద నీడలో కూర్చుంది.

"గా నల్లమేక కుంటకాడ గడ్డిల ఉన్నది. జర దాని మీద కన్నేసి ఉంచు సారూ," అంది. "మా కోడలికి పాలు పడలె. నా మనుమరాలికి దాని పాలే పోస్తున్నం."

"పైనుంచి అంతా కనపడుతది లచ్చమ్మా. నేను సూస్తలే," అని మాటిచ్చి, హుడ్‌లో తల దూర్చాను.

నెమలి కోసం చూస్తుంటే పొదల నడుమ తోడేలు కనిపించింది. దూరపువాటిని దగ్గరగా చూపించే లెన్సు వేసి ఉన్నాను. అందులో తోడేలు, చుట్టూ నాలుగు పొదలు తప్ప గుట్టా లేదు, కుంటా లేదు. ఇంత దగ్గరగా తోడేలును నేనెన్నడూ చూడలేదు. నా గుండె కొట్టుకున్నది భయంతో కాదు, ఆశతో.

"లచ్చమ్మా, తోడేలు," అని కేకవేశాను.

ఆమె కర్ర పట్టుకుని లేచింది. పొదలు అడ్డం, ఏమీ కనిపించదు. "ఏ దిక్కు సారూ?"

హుడ్‌లో తోడేలు ఎడమకు పోతోంది. నా ఎడమన గుట్ట. "గుట్ట దిక్కు," అని అరిచాను, ముఖం తీయకుండానే. నా చేతులు మాత్రం కెమెరాను సరిగ్గా కుడికే తిప్పుతున్నాయి. చేతులు నేర్చిన విద్య నోటికి రాలేదు.

అంతలో అద్దంలో లచ్చమ్మ కూడా కనిపించింది. తోడేలు ఒకవైపు, ఆమె ఇంకోవైపు. ఈమెకు దిక్కులైనా తెలియవా అని విసుక్కున్నాను. విసుక్కుంటూనే మీట నొక్కాను.

తలెత్తి చూస్తే ఆమె నేను చెప్పినట్టే గుట్టవైపు పరుగెత్తుతోంది. తోడేలు కుంటకు చేరింది. "కుంట, కుంట" అని నేను గొంతు చించుకునేలోపే మేక అరుపు వినిపించింది. లచ్చమ్మ వెనక్కి వచ్చేసరికి తోడేలు దాన్ని కట్ట అవతలికి ఈడ్చుకుపోయింది.

ఆమె బురదలోనే కూలబడింది. ఈడ్చిన జాడకేసి చూస్తూ, "నేను గుట్ట దిక్కు పోంగనే అది మర్లినట్టుంది సారూ," అంది.

"అట్లనే ఉంటది," అన్నాను.

ఆ రెండు మాటలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల ఎత్తలేను. తప్పు దిక్కు చెప్పడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

కొన్నాళ్లకు ఆమె సూర్యాపేట సంతకు వచ్చి నా స్టూడియో వెతుక్కుంది. ఫోటోలో తన మేక కనపడుతుందేమో, ఒక్కసారి చూసుకుంటానంది. మేక లేదు. తోడేలూ, గుట్టవైపు పరుగెత్తుతూ ఆమే ఉన్నారు. హుడ్‌లోలా కాదు, అచ్చయిన ఫోటోలో కుడి కుడిగానే ఉంటుంది. ఫోటోను వెలుతురుకు పట్టుకుని చూసింది.

"ఇది మర్లలే సారూ. ముందుగాల్నే కుంట దిక్కు పోతున్నది."

నేను కెమెరా తెచ్చి వీధికేసి పెట్టి చూడమన్నాను. ఎడ్లబండి ఒకటి పోతోంది. ఆమె హుడ్‌లో చూసింది, తలెత్తి వీధిని చూసింది, మళ్లీ హుడ్‌లో చూసింది.

"అయితే మొకం బయటికి తీసి చెప్పాలె గద సారూ," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. "నేను భయపడి గుట్టెక్కిన్నని నా కొడుకు అంటున్నడు. పసిపిల్ల నోటికాడి పాలు పోగొట్టిన్నని కోడలు మాట్లాడుతలేదు. ఇంటింటికి పోయి పాలు అడుక్కొస్తున్న. ఒక్కపారి వచ్చి చెప్తవా?"

వెళ్లాను. ఫోటో తీసుకునే వెళ్లాను. కొడుకు మంచం వాల్చి, మంచినీళ్లిచ్చి, నేను చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. అద్దం సంగతి చెప్పాను. తప్పు నాదేనని ముమ్మారు చెప్పాను. విని దండం పెట్టాడు.

"మా అమ్మను కాపాడనీకి గింత దూరం వచ్చి తప్పు మీ మీద ఏసుకుంటున్నరు. మీది పెద్ద మనసు సారూ."

"కాదయ్యా, నిజమే చెప్తున్న. ఇదిగో సూడు," అని ఫోటో అతని చేతిలో పెట్టాను.

అతను చూసి తలూపాడు. "గిండ్ల గూడ తోడేలుకు దూరంగనే ఉరుకుతున్నది గద సారూ."

లోపల పసిపిల్ల ఏడుస్తోంది. కోడలు ఇటు చూడను కూడా చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ లచ్చమ్మ, "ఊకో సారూ, ఇగ చాలు," అంది.

జంతువు ఎదుట ఉన్నప్పుడు హుడ్‌లో తల పెట్టి ఎవరికీ దిక్కు చెప్పకూడదని ఆనాడే నేర్చుకున్నాను. అది వృత్తికి సంబంధించిన పాఠం, చిన్నది. ఆ కుంట దగ్గరే నోరు విప్పి ఉంటే తప్పు నా తప్పుగానే ఉండేది. ఆలస్యంగా చెప్పినందుకు అది నా మంచితనమైంది, నింద మాత్రం లచ్చమ్మకే మిగిలింది.