రెండో గురువు

తెలుగును ఒడియాలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కి గురువును నేనేనని బరంపురమంతా చెప్పుకున్నాను. కాస్త పెంచాను. అసలు గురువు హల్దియాపదర్‌లో మా పక్కింట్లో అద్దెకున్న లెక్చరరమ్మ. ఎవరైనా ఉచితంగా వాడుకునే ఆ సాఫ్ట్‌వేర్ మీద వేసవిలో విద్యార్థులతో చేయించే పనికి ప్రతిపాదన రాసేది, రాసినదాంట్లో సగం కొట్టేసేది, "మధ్యలో పిల్లకి దారి తోచకపోతే?" అనేది. అంతకు ముందేడు ఆమె జ్వరంతో పడుకుంటే, అడగడానికి మరొకరు లేక ఒక విద్యార్థిని మానేసిందట. అందుకే ఈసారి రెండో గురువు దొరకనిదే ప్రతిపాదన ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకి పంపనంది. గడువేమో ఆ సాయంత్రమే.

"భయమెందుకమ్మా, రెండు భాషలూ వచ్చినవాణ్ణి నేనున్నాగా" అన్నాను.

తర్వాత ఈ సంగతే టీకొట్టులో చెబుతుంటే లెక్చరరమ్మ వెనకనుంచి అందుకుంది.

"ఏటి తాతా, నువ్వెప్పుడన్నావు? నాకెందుకీ గోలని నువ్వు ఎల్లిపోతుంటే గుమ్మానికి అడ్డం నిలబడింది నేను. ఈ ఏసవి పనికి సేరిన పిల్ల పొద్దుట్నించీ నిన్నేటో అడుగుతోంది. ఎల్లి జవాబు సెప్పు."