బుడగలో పట్టని మాట

అన్నకు ఒంట్లో బాగాలేదని వదిన ఫోన్ చేస్తేనే తెలిసింది. తనంతట తాను చెప్పే మనిషి కాదు. నెల్లూరు జిల్లా కోట ఊరి దగ్గర రొయ్యల గుంటల మీద చాలా ఏళ్లు పనిచేశాడు. కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగినా, వానకు కట్ట తెగినా, అందరూ గోల పెడుతుంటే "నేను చూసుకుంటాలే" అని ఒక్క మాట అనేవాడు.

ఆ మాట నేను పనిచేసిన పత్రికలో రోజూ వచ్చే బొమ్మల కథలోది. ఎర్ర కండువా భుజాన కట్టుకుని ఆకాశంలో ఎగిరే వీరుడి కథ అది. మాకు ఇంగ్లీషులో వచ్చేది. మాటల బుడగల్లో తెలుగు నింపే పని డెస్కులో నాది. గుడులు, ఒత్తులు ఉన్న మన రాతకు చోటెక్కువ కావాలి. బుడగేమో సాగదు. కథ నడవడానికి అక్కర్లేని మాటలన్నీ తీసేసేవాళ్లం. ముందుగా పోయేవి మూలుగులు. ఇంగ్లీషులో ఆ వీరుడు దెబ్బ తగిలితే నొప్పి అనేవాడు, ఇక నా వల్ల కాదనేవాడు. తెలుగులో మాత్రం "నేను చూసుకుంటా" అని లేచి ఎగిరిపోయేవాడు.

అన్న చదివింది ఆ తెలుగు వీరుణ్ణే. పెళ్లయ్యాక కూడా పేపరు రాగానే ముందు ఆ పేజీయే తిప్పేవాడు. "చెడ్డీ పైనేసుకునే ఆయనగారు ఈ పొద్దు ఎవుర్ని కాపాడినాడంట?" అని వదిన ఎగతాళి చేసేది.

నేను వెళ్లేసరికి వసారాలో మంచం మీద ఉన్నాడు. సగమైపోయాడు. నొప్పి తగ్గించే మందు తప్ప ఇక చేయగలిగిందేమీ లేదని నెల్లూరు డాక్టరు చెప్పాడట. నొప్పిని బట్టి మందు పెంచమన్నాడట.

"నోరు తెరిస్తే గదా అబ్బయా," అంది వదిన. "పళ్లు కొరుక్కుంటా పడుకోనుంటాడు. అడిగితే ఏం లేదంటాడు. ఎంత మందని పొయ్యాల నేను?"

ఆమె లోపలికి వెళ్లాక మంచం పక్కన కూర్చున్నాను.

"నొప్పిగా ఉందా అన్నా?"

"నేను చూసుకుంటాలే."

అప్పుడు బుడగల సంగతి చెప్పాను. నమ్మలేదు.

"ఆయన అట్టా అనడు."

"అన్నాడన్నా. చోటు చాలక మేమే తీసేసినాం."

"యాడ నొప్పన్నాడు?"

"పక్కటెముకల్లో. ఊపిరాడలేదన్నాడు ఒకసారి."

"ఎవురితో అన్నాడు?"

"ఆయన మనసుపడిన ఆమెతో."

అన్న మొహం అటు తిప్పుకున్నాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"తీసేసి మంచి పనే చేసినార్లే," అన్నాడు. "ఏడ్చేవోడి కథ ఎవుడు చదవతాడు?"

వదిన గంజి తీసుకుని వచ్చింది. గ్లాసు అందుకోకుండా అన్న ఆమె చెయ్యి పట్టుకుని తన నడుం మీద పెట్టుకున్నాడు.

"ఈడ," అన్నాడు. "శానా వుండాది."

వదిన నా వైపు చూసింది. గ్లాసు నా చేతికిచ్చి, రెండో చేత్తో మందు సీసా అందుకుంది.

తర్వాత అన్న బతికింది కొన్ని వారాలే. రోజూ ఆమె అడక్కముందే చెప్పేవాడట, ఈడ కాదు, ఇంకొంచెం పైన, ఈ పొద్దు కాళ్లు కూడా, అని. పెళ్లయినప్పటి నుంచి తనతో అంతగా మాట్లాడింది ఆ వారాల్లోనేనని వదిన ఇప్పటికీ అంటుంది.