లోపల తడి ఉందన్నాను

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. చిన్న మాటే. "ఉంది" అన్నాను, అంతే. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే ఈపాటికే మాట మార్చేసి వాతావరణం గురించి మాట్లాడేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. హార్డ్‌వేర్ కోర్సు సగంలో ఆపేసి, మొత్తం వచ్చినట్టు తిరిగే రోజులు. అక్కడ తెలుగు టైపింగ్ అంతా సుగుణక్కది. రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేది. పెళ్లికార్డుల సీజన్ వచ్చిందంటే పెళ్లివారు ఇంటిల్లిపాదీ ఆమె కుర్చీ వెనక చేరి, భుజాల మీదుగా తొంగిచూస్తూ, మేనమామ పేరు పైకి జరపాలని కొందరు, బాబాయి పేరే పైన ఉండాలని కొందరు ఆమె చెవిలోనే పోట్లాడుకునేవారు. పాపం, ఆమెకి మెడ తిప్పడానికి చోటుండేది కాదు. అందుకే వాళ్ల వైపు తిప్పి ఇంకో మానిటర్ పెట్టించమని ఓనరుగారిని అడిగింది. బల్లకి అవతల కూర్చునే చూసుకుంటారు కదా అని. ఆయన ఒప్పుకుని ఆ పని నాకు అప్పగించారు. "ఎంతలో పనండీ" అన్నాను.

ఈలోగా దసరా వచ్చింది. మా సెంటర్‌లో ఆయుధపూజ ఏటా సుగుణక్కే చేసేది. ప్రింటర్‌కీ, మానిటర్‌కీ, సీపీయూకీ వేలితో పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. చివర మామిడాకుతో నీళ్లు చల్లింది. చల్లేముందు మాత్రం కంప్యూటర్ మీద ప్లాస్టిక్ కవరు వేసింది. ఇది నేను కళ్లారా చూశాను.

పండగ మర్నాడు కవరు తీసి సీపీయూ విప్పాను. పాత మిషన్. మానిటర్ తగిలించే చోటు వెనక ఒకటే ఉంది. రెండోదాని కోసం సెకండ్‌హ్యాండ్ డిస్‌ప్లే కార్డు తెచ్చాం. అది స్లాట్‌లో దిగదు. దిగినట్టే ఉంటుంది, స్క్రూ బిగిస్తే లేచిపోతుంది. ఆ స్క్రూ జారి బోర్డు మీద ఎక్కడో పడింది. దాన్ని తీయబోతే రేకు తగిలి వేలు తెగింది. మధ్యలో కరెంటు పోయింది. చివరికి ఎలాగో బిగించి స్విచ్ వేశాను. కొత్త మానిటర్ వెలిగింది. పాతది చీకటి. కేబుళ్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. కొత్త కార్డుకి ఏది తగిలిస్తే అది వస్తుంది, పాత చోట ఏది తగిలించినా రాదు. వెనక నుంచి ఓనరుగారు "అయిందా?" అంటారు. కాసేపాగి మళ్లీ "అయిందా?" నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో, స్విచ్ ఆపకుండానే కార్డు పట్టుకుని పీకేశాను.

టప్‌మని చప్పుడు. కాలిన వాసన. ఆ మిషన్ మళ్లీ లేవలేదు. ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి, టైపు చేసి పెట్టిన పెళ్లికార్డులన్నీ అందులోనే ఉన్నాయి.

"ఏం చేశావయ్యా?" అన్నారు ఓనరుగారు.

సీపీయూ మీది పసుపు నా కంటపడింది.

"నేనేం చెయ్యలేదండీ. తడి తగిలి షార్టయింది. పూజ నీళ్లు లోపలికి దిగినట్టున్నాయి."

సుగుణక్క లేచి వచ్చింది. కోపం లేదు ఆమె మొహంలో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"కవరేశాను కద తమ్ముడూ. నువ్వు విప్పి చూశావుగా. లోపల తడుందా?"

"ఉందక్కా."

"అయ్యో" అంది. ఓనరుగారి వైపు తిరిగి, "కవరు ఎక్కడన్నా చిరిగుంటదండీ, నేను చూసుకోలేదు" అంది. నేను అన్న అబద్ధాన్ని ఆమే పూర్తి చేసింది.

ఆయన అరవలేదు. ఆ వారంలోనే, ఇక రానక్కర్లేదమ్మా అన్నారు. ఆమె దువ్వెనా, టిఫిన్ బాక్సూ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను ఉండిపోయాను.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? పోతే ఇంకోటి దొరికేది, నా వయసు అలాంటిది. కాదు. "నాకు ఈ పని రాదండీ" అనడం నామోషీ అనిపించింది. ఆ నాలుగు మాటలు నోట్లోంచి రాక, ఇంకో మనిషి పొట్ట కొట్టాను. కొన్నాళ్లకి వేరే షాపులో అలాంటి బోర్డే చూశాను. కొత్త కార్డు పెడితే పాత చోటు దానంతట అదే ఆగిపోతుందట. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కటి మారిస్తే రెండూ వెలుగుతాయి. అంటే నేను పీకేదాకా అసలు ఏదీ పాడవలేదు. అది తెలిసిన రోజు నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

తర్వాత ఒక దసరాకి ఉయ్యూరులో ఏదో పనుండి ఒక జిరాక్స్ షాపుకి వెళ్తే సుగుణక్క అక్కడ పనిచేస్తోంది. లోపల ఓనరు భార్య మిషన్లకి బొట్లు పెడుతోంది. సుగుణక్క గుమ్మం బయట నిలబడి ఉంది. నన్ను చూసి సంతోషపడింది. నువ్వు పెట్టడం లేదేం అక్కా అన్నాను, బుద్ధిలేక.

"నేను ముట్టుకోను తమ్ముడూ. నా చెయ్యి సంగతి నీకు తెలుసుగా" అని నవ్వింది.

అప్పుడన్నా చెప్పొచ్చు. ఎదురుగానే ఉంది. చేతిలో ప్రసాదం పెట్టింది, తిన్నాను, బస్సు టైమైందని వచ్చేశాను. ఆ తర్వాత ఆమె నాకు కనిపించలేదు.

ఇప్పుడు మీకు చెబితే ఆమెకి ఏం ఒరుగుతుంది? ఏమీ ఒరగదు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో ఉన్నదీ కాదు. ఆమె అడిగినదానికి జవాబు ఒక్కసారైనా సరిగ్గా చెప్పాలని, అంతే.

కవరు ఎక్కడా చిరగలేదు. నీళ్ల చుక్కలు దాని మీదే ఎండిపోయి ఉన్నాయి. లోపల అంతా పొడిగానే ఉంది అక్కా.