మా అత్త రాసిన ఏడో తరగతి

మా అత్త పోయిందన్న సంగతి నాకు నేరుగా ఎవరూ చెప్పలేదు. ఎమ్మిగనూరు నుంచి పొద్దున మొదటి బస్సులో మా వీధి పెద్దాయన ఒకరు ఆదోనిలో మా బడికి వచ్చారు. నేను ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. ఆయన వాకిట్లో చెప్పులు విడిచి, గోడమీది దేశపటాన్ని కాసేపు చూసి, "ఏం లేదమ్మా, మీ అత్తకు రవంత బాగలేదు. లీవు పెట్టి రా," అన్నారు. ఎన్ని రోజులు పెట్టమంటారని అడిగాను. ఆయన వేళ్ళు మడిచి లెక్కబెట్టుకుని, "ఒక పదకొండు దినాలకు పెట్టు," అన్నారు.

నాకు అర్థమైంది. పిల్లల ముందు ఏడవకూడదని బోర్డు వైపు తిరిగాను. అంత దుఃఖంలోనూ ఒక మాట తోచి నవ్వొచ్చినంత పనైంది. మా అత్తే ఉంటే ఆయన్ని వదిలేది కాదు. "పదకొండు దినాలు లీవు పెట్టాల్సొస్తే దాన్ని రవంత అంటారా అన్నా?" అని నిలదీసేది. తప్పు లెక్క ఎవరు చెప్పినా ఆమెకు పడేది కాదు. ఆమె చెప్పిన తప్పు లెక్క వేరే సంగతి. ఆ లెక్క గురించే చెప్పబోతున్నాను.

మాది ఎమ్మిగనూరులో చేనేత ఇల్లు. ముందు గదిలో మగ్గం గుంత, అందులో మా మామ. మగ్గానికి మూడు అడుగుల దూరంలో రాట్నం, దాని ముందు మా అత్త. మామ పడుగులో అటూ ఇటూ విసిరే నాడెలోకి కావలసిన నూలు కండెలన్నీ ఆమే చుట్టి పెట్టేది. ఆ మూడు అడుగుల దూరంలోనే ముప్పై ఏళ్ళుగా వాళ్ళ సంసారం, పోట్లాటలు, రాజీలు అన్నీ నడిచాయి. పోగు తెగినప్పుడల్లా మామ విసుక్కునేవాడు. "తెగితే ముడేసుకుంటాం గానీ మగ్గం తగలబెట్టుకుంటామా?" అనేది ఆమె. కూర మాడినా, చుట్టాలు అలిగినా, నా పెళ్ళయిన కొత్తలో నేను పుట్టింటికి పోతానని పెట్టె సర్దుకున్నా ఆమె నోట అదే మాట.

నేను టీచరు ట్రైనింగు పూర్తి చేసి ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టాను. డెబ్బైల నడుమ మాట ఇది. మా ఆయన గుంతకల్లులో రైల్వే పని చేస్తూ వారానికొకసారి వచ్చేవారు. ఆదోనిలో ఒక చిన్న బడివాళ్ళు, జూన్‌లో బడి తెరిచేనాటికి వస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. మా ఆయన్ని అడిగితే, "మా నాయన్నడుగు," అని బస్సెక్కి వెళ్ళిపోయారు. మామనడిగితే నాడె ఆపకుండానే తీర్పు చెప్పాడు.

"వద్దు. సదువూ పొయ్యీ ఒక సోట ఇమడవు. ఆడామె పుస్తకం పట్టుకున్న ఇంట్లో అన్నం మాడతాది, కండెలు ఆగతాయి."

నేను నోరు తెరిచేలోపే రాట్నం ఆగింది.

"ఇమడవని నీకెవరు సెప్పినారు?" అంది అత్త. "నేను నాలుగు దాంకా సదివినా. ఈ ఏడు ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాస్తా. వంటా నాదే, కండెలూ నావే. ఒక్క పూట అన్నం మాడినా, ఒక్క కండె తక్కువైనా నేను ఓడినట్టు. పాసైతే పిల్లను పంపిస్తావా?"

ఆమెకు అప్పటికి యాభై దగ్గర పడుతోంది. మామ నవ్విన నవ్వుకు పక్కిళ్ళలో మగ్గాలు ఆగాయి. "నువ్వు పాసైతే నేనే బస్టాండుకు పిలుసుకపోయి, సీటు పట్టి కూర్సోబెడతా," అన్నాడు. మాట వీధంతా విన్నది కాబట్టి ఇక ఎవరూ వెనక్కి పోవడానికి లేకుండా పోయింది. నా ఉద్యోగం మా అత్త బుర్ర మీద పడింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే మీరు తప్పు పట్టకండి.

మొదటి రెండు రోజులు ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్క ముక్క ఎక్కలేదు. మూడోనాడు ఆమె కండెలు చుడుతుంటే నేను పక్కన కూర్చుని పైకి చదివాను. రాట్నం తిప్పుతూ తిరిగి చెప్పింది. అక్షరం పొల్లు పోలేదు! అప్పుడు తెలిసింది, ఆమె చదువు చేతిలో ఉందని. నిన్నటి పాఠం అడిగితే చెయ్యి ఒక చుట్టు తిప్పేది, వాక్యం వచ్చేది. చెయ్యి ఆగితే వాక్యమూ ఆగేది.

పాఠాలను ఊరికే మింగే మనిషి కాదు. పానిపట్టులో మూడుసార్లు యుద్ధం జరిగిందని చెబితే, "అన్నిసార్లు ఆడనే కొట్టుకుంటే పాపం ఆ ఊరోళ్ళు పైరెప్పుడు పెట్టుకున్నారమ్మీ?" అంది. నీరు మరిగే వేడి గురించి చెబితే, ఏ కట్టెలతోనో రాయలేదేమని అడిగింది. కంది కట్టెకూ తుమ్మ మొద్దుకూ తేడా తెలియనివాళ్ళు పుస్తకాలెందుకు రాస్తారని ఆమె అనుమానం.

ఒకనాడు మొగలాయిల పాఠం అప్పజెబుతూ, "బాబరు కొడుకు అక్బరు," అంది. మగ్గం గుంతలోంచి ఉరిమినట్టు వినబడింది.

"కొడుకు హుమాయూను! అక్బరు మనవడు. నిన్ననే గదా సదివింది!"

రాట్నం ఆగింది, నాడె ఆగింది. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. మామ ఏదో దొంగతనం బయటపడినట్టు తల దించుకుని టకటకా నేయడం మొదలుపెట్టాడు. మూడు అడుగుల దూరంలో కూర్చుని నెలరోజులుగా వింటే రాయికైనా వస్తుంది చదువు. ఆ తర్వాత ఆయన ఆగలేదు. తెగిన పోగు కనబడితే చెయ్యి ఊరుకోనట్టే, తప్పిన వాక్యం వినబడితే ఆయన నోరు ఊరుకునేది కాదు. పందెం కాసినవాడే అయ్యవారై కూర్చున్నాడు.

దాని ఫలితం ఒక దుప్పటి మీద పడింది. గళ్ళ దుప్పటికి ముప్పై పోగులు ఎరుపు, ముప్పై తెలుపు వేయాలి. అత్త పదమూడో ఎక్కం చదువుతుంటే మామ తెలియకుండా ముప్పై తొమ్మిది వేశాడు, ఆ పైన యాభై రెండు వేశాడు. దుప్పట్లు కొనే చేనేత సొసైటీలో దాన్ని విప్పి చూసిన మనిషి, "ఏమప్పా, పొద్దుగూకే యాళ నీడల మాదిరి నీ గళ్ళు సాగినాయే?" అని వెనక్కి ఇచ్చాడట. మామ దాన్ని చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, "పదమూడో ఎక్కం మెల్లగా సదవలేవా?" అని అత్త మీద మండిపడ్డాడు.

లెక్కల్లో మాత్రం ఒకచోట పీట ముడి పడింది. పదిమంది కూలీలు ఒక గోడను ఆరు రోజుల్లో కడితే, ఐదుగురు ఎన్ని రోజుల్లో కడతారు? పన్నెండు అని నేను. తొమ్మిది అని ఆమె.

"పదిమందిని పెడితే ఇద్దరు బీడీలు తాగుతారు, ఇద్దరు మాట్లాడుతారు, ఒకడు సున్నం యాడుందని ఎతుకుతాంటాడు. ఐదుగురైతే ఎవరు పని సేయలేదో తెలిసిపోతాది. తొమ్మిదికి అయిపోతాదమ్మీ."

పుస్తకంలో పన్నెండనే ఉంది అత్తా అంటే, "పుస్తకం రాసినాయప్ప గోడ కట్టించినాడా?" అంది. గుంతలోంచి మామ ఈసారి ఆమెను సరిదిద్దలేదు. నేనది గమనించి ఉండాల్సింది.

ఏప్రిల్లో ఆదోనిలో పరీక్ష. అన్నం డబ్బా పట్టుకుని నేను గేటు దగ్గర, ఆమె లోపల. చుట్టూ పన్నెండేళ్ళ పిల్లలు. కాపలా సారు ఆమె దగ్గరికొచ్చి, "అమ్మా, పిల్లల్ని వదిలిన పెద్దోళ్ళు బయటికి పోవాల," అన్నాడట. "వదిలింది నన్నే సార్. వదిలినామె గేటుకాడ ఉండాది," అందట.

పావుగంటకు ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది. ఈమె కుడిచెయ్యి బల్లకింద గుండ్రంగా తిరుగుతోంది. "చేతిలో ఏముందమ్మా, తియ్యి," అన్నాడు. అరచెయ్యి చూపించింది. ఏమీ లేదు.

"రాట్నం సార్."

"యాడుంది రాట్నం?"

"ఎమ్మిగనూరులో. ఈడ ఉత్త సెయ్యి తిప్పుతాండా. తిప్పకుంటే పాఠం రాదు."

ఆయన ఆమెను ఆఖరి బల్లకు మార్చి, "తిప్పుకో తల్లీ, సప్పుడు మాత్రం సేయొద్దు," అన్నాడట. ఆయన ఎవరో నాకు తెలియదు గానీ ఈనాటికీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

లెక్కల పరీక్ష రోజు ఆమె నవ్వుకుంటూ బయటికొచ్చింది. "అన్నీ రాసినా. కూలోళ్ళ లెక్క కూడా వచ్చింది. దానికి నిజమే రాసినా," అంది. తొమ్మిదనేనా అత్తా అని అడిగాను.

మే నెలలో మామ ఆదోనికి పోయి ఫలితాలు చూసుకుని వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు, చెంబెడు నీళ్ళు తాగాడు, గోడవైపు చూస్తూ, "పాసైంది," అన్నాడు. ఆ మొహంలో నెత్తురుచుక్క లేదు. పందెం ఓడిన మొహం అట్లాగే ఉంటుందనుకుని అత్త వీధి వీధంతటికీ మిరపకాయ బజ్జీలు పంచింది. జూన్‌లో బడి తెరిచిననాడు ఆయనే నన్ను బస్టాండుకు తీసుకుపోయాడు. ఆగీ ఆగని బస్సు కిటికీలోంచి భుజంమీది తువ్వాలు విసిరి సీటు పట్టాడు. "మా కోడలు. టీచరమ్మ. సూసి దించప్పా," అని కండక్టరుకు రెండుసార్లు చెప్పాడు.

రెండు నెలలు హాయిగా బడికి పోయాను. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్త ఒక్కతే వంటింట్లో కూర్చుని ఉంది. పోస్టులో వచ్చిన మార్కుల కాగితం నా చేతికిచ్చింది. లెక్కలు: ముప్పై ఒకటి. ముప్పై ఐదు వస్తేనే పాసు. కూలీల లెక్కకు ఐదు మార్కులు.

"రేపట్నించి బడి మానేస్తాను అత్తా," అన్నాను.

"మానేదేంది? నోరు మూసుకుని పో," అంది. "నిన్ను బస్సెక్కించింది మీ మామ. నేను పాసైనానని వీధిలో సెప్పింది మీ మామ. ఆయప్ప పుట్టినప్పటి నుంచి ఒక్క అబద్ధమాడలేదు. ఆడక ఆడక ఒకటి ఆడినాడు. దాన్ని అట్ల వదిలేస్తామా? లెక్కలొక్కటే గదా తప్పింది. వచ్చే ఏడు రాసి, ఆయప్ప మాట నిజం సేస్తా. ఆయప్పకు తెలియకూడదు."

ఆ ఏడంతా మళ్ళీ రాట్నం దగ్గర లెక్కలు నడిచాయి. చదివింది మరిచిపోకుండా చదువుకుంటున్నానని అత్త మామకు చెప్పింది. మామ ఏమీ అడగలేదు. గుంతలోంచి మాత్రం, "తొమ్మిది తొమ్ములు ఎనభై ఒకటి, ఎనభై కాదు," అని అరుస్తూనే ఉన్నాడు. పరీక్షనాడు పొద్దున ఆమె కొత్త చీర కట్టుకుని, సి.బెళగల్లో చెల్లెలిని చూసి వస్తానంది. మామ తల ఎత్తలేదు.

"పో. ఆదోని బస్సు ఎనిమిదికే ఎల్లిపోతాది. ఇంకా ఈడనే ఉండావేం?"

సి.బెళగల్ ఒక దిక్కు, ఆదోని ఇంకో దిక్కు. ఆమె ఆదోని బస్సే ఎక్కింది. కూలీల లెక్క ఆ ఏడు కూడా వచ్చింది. మా బడినుంచి వచ్చి గేటు దగ్గర కాచుకున్న నా చెవిలో, ఎవరూ వినకుండా, "మీ మామ కోసరం ఈసారి అబద్ధమే రాసినా అమ్మీ. పన్నెండు," అంది.

అత్త పోయిన ఈ పదకొండు రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆగిన మగ్గం పక్కన మామ కూర్చుని ఉంటే, ఇన్నేళ్ళుగా అడగని మాట అడిగాను. ఎందుకు అబద్ధం చెప్పావు మామా అని. ఆయన చెయ్యి చాపి రాట్నాన్ని ఒక చుట్టు తిప్పాడు.

"ఆమె తప్పింది ఒక్క లెక్క. తొమ్మిదని రాసినానని పరీక్షనాడే నాకు సెప్పింది. దాంట్లో ఆమె రాసిందే కరెట్టు. తొమ్మిది దినాలే పడతాది. కూలోళ్ళను సూసినోన్ని, నాకు తెల్దా?"

చెప్పి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఈనాడు నేను తినే అన్నం ఆ ఇద్దరు పెట్టింది. ఆమె ఒక నిజం రాసి తప్పింది, ఆయన ఒక అబద్ధం ఆడి నన్ను బడికి పంపాడు.

ఆ రెండో ఏడు ఫలితాలకు ఆమె నాతోపాటే ఆదోని వచ్చింది. బడి గోడమీద నంబర్ల కాగితం అంటించారు. పిల్లలు తోసుకుంటున్నారు. ఆమె ముంగాళ్ళ మీద లేచి, నూలు రంగు పట్టిన చూపుడువేలితో పైనుంచి ఒక్కో నంబరూ దిద్దుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. ఆగిన వేలు తియ్యలేదు. వెనకనుంచి పిల్లలు, "అవ్వా, పక్కకు జరుగు, మా నంబర్లు కనబడల్లేదు," అని గోల. ఎవరో పెద్దమనిషి, "పాసైనావా అమ్మా?" అని అడిగాడు.

"పోయినేడే పాసైనానప్పా," అంది వేలు అక్కడే ఉంచి. "నంబరు అంటించేదే ఆలస్యమైంది."