పాలరాతి పాదం దగ్గర

యేసురత్నంగారు మ్యూజియంలో రోమను దేవత విగ్రహానికి మోకరించారని డెట్రాయిట్ దగ్గరి తెలుగు చర్చిలో పుకారు పుట్టింది. పాతకాలపు రోమను శిల్పాల పాలరాయి ఏ దేశపు గనిలో తవ్విందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. గోటిమీద నిలిచేంత రాతిపొడిని యాసిడ్‌లో వేసి, వచ్చిన వాయువును మిషన్‌లో కొలిచి, గనుల నుంచి తెచ్చిన రాళ్లతో పోల్చి చూస్తారు. ఫలానా గనిది కాదని తేల్చినంత తేలిగ్గా, ఫలానా గనిదేనని ఏనాడూ అనరు. మనుషులతోనూ అంతే, అడిగినంతకే జవాబు. అదైనా కళ్లజోడు తీసి టై కొసతో తుడుచుకున్నాకే.

పంతొమ్మిదివందల ఎనభై మూడు ఈస్టరునాడు ఆయన ప్రభువు బల్లకు, అందరికీ పంచే రొట్టె పళ్లెం తెస్తున్నారు. ఏళ్లుగా ఆయన ప్రాణంలా చూసుకున్న పని అది. సువార్తమ్మగారు అడ్డం వచ్చింది.

“ఏం బ్రదర్, బొమ్మకి మోకరించారటగా? మా అమ్మాయి కెజియా స్కూల్ ట్రిప్‌లో కళ్లారా చూసిందిలెండి!”

పాస్టరుగారు తల తిప్పారు. “నిజమేనా?”

పళ్లెం ఒక చేత్తో పట్టుకుని, ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. “మోకరించానండీ.”

ఎందుకని ఎవరూ అడగలేదు. పాస్టరుగారు పళ్లెం అందుకుని మరొకరికిచ్చారు. ఆయన వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నారు. రొట్టె ఆయన్ని దాటిపోయింది.

విగ్రహం అందం చెడకుండా, చూసేవాళ్ల కంటికి ఆనని చోట, పాదం కింది అంచున పొడి తీయాలని మ్యూజియం నియమం. ఆ పాదం నేలకు జానెడెత్తున ఉంటుంది.